కుమ్మరి గాడిద, మూడంగుళాల ఎత్తు

కుండ తయారయ్యే ముందు కుమ్మరి వాకిట్లో మట్టి ఉంటుంది, సారె ఉంటుంది, సారె తిప్పే కర్ర ఉంటుంది, మట్టి మోసుకొచ్చిన గాడిదా ఉంటుంది. అన్నీ కుండకు ముందున్నవే. అయినా గాడిద కుండకు కారణం కాదని నైయాయికులు, అంటే తర్కం నేర్పే న్యాయశాస్త్రంవాళ్ళు, తేల్చి చెప్పారు. మట్టి బండి మీద వచ్చినా కుండ అవుతుంది కదా! మా తాతగారు కోనసీమలో తర్కసంగ్రహం పాఠం చెబుతూ ఈ గాడిద దగ్గర చాలాసేపు ఆగేవారు. 17వ శతాబ్దంలో ఆ చిన్న పుస్తకం రాసిన అన్నంభట్టు తెలుగువాడని ఆయనకు ఎంతో గర్వం. ఆ పాఠం నాకు అరిజోనాలో, బానెట్ ఎత్తిన ట్రక్కు ముందు అక్కరకొచ్చింది.

మా పిన్ని కొడుకు ఫీనిక్స్‌లో ఉంటాడు. 2023 వేసవిలో వరసగా 31 రోజులు పగటి గరిష్ఠ వేడి 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో 43కు, తగ్గని ఊరది. వాడి దగ్గర 2001 నాటి టకోమా పికప్ ఉంది. రాళ్ళ దారుల్లో తిప్పడానికి పెద్ద టైర్లు కావాలని, వాటికి చోటు కోసం బాడీని ఛాసీ మీద మూడంగుళాలు పైకి లేపించాడు. ఆ తర్వాత బ్రాడ్‌షా కొండల్లో క్రౌన్ కింగ్‌కు వెనక దారిన ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎరుపు వైపు పాకడం మొదలైంది. థర్మోస్టాట్ మార్చాడు. వాటర్ పంపు మార్చాడు. రేడియేటర్ కొత్తది వేయించాడు. వేడి తగ్గలేదు. "ఖర్మ అన్నయ్యా, ఈ బండి నాకు అచ్చిరాలేదు" అన్నాడు. పిన్ని అప్పుడు అక్కడే ఉంది. మారికోపా గణపతి గుళ్ళో బండికి పూజ చేయించిన రోజు ఒక నిమ్మకాయ చక్రం కింద నలగకుండా పక్కకు దొర్లిపోయిందట. అప్పటినుంచీ ఆమె మనసులో అదే.

నేను వాళ్ళ మాటల్ని కొట్టిపారెయ్యలేదు. దైవాన్ని నమ్మేవాణ్ణే. కానీ ఆ నమ్మకం వల్లనే నాకు ఆ జవాబు సరిపోలేదు. న్యాయశాస్త్రంలో సాధారణ కారణాలని కొన్ని ఉన్నాయి. ఈశ్వరుడు, ఆయన జ్ఞానం, ఇచ్ఛ, కాలం, దిక్కు, జీవుల అదృష్టం (కంటికి కనబడని పూర్వకర్మ) వంటివి. ఏ కార్యానికైనా ఇవి ఉండి తీరాలి. కుండ చేసినా ఉంటాయి, కుండ పగిలినా ఉంటాయి. మావాడి బండి కాగడానికి ఈశ్వరుడు ఎంత కారణమో, పక్కింటివాడి బండి చల్లగా ఉండడానికీ అంతే కారణం. కాబట్టి ఈ రెండు బండ్ల మధ్య తేడా ఆయన పేరు చెబితే తేలదు. దాన్ని వేరే వెతకాలి. ఖర్మ మాట కూడా అంతే. అదృష్టం ఫలించాలన్నా కనిపించే కారణాల్ని కూర్చుకునే ఫలిస్తుంది, వాటిని తోసేసి కాదు. కుసుమాంజలి రాసి ఈశ్వరుణ్ణి నిరూపించడానికి పూనుకున్న ఉదయనుడు ఈ సంప్రదాయంవాడే. దేవుడి మీద గౌరవమున్నవాళ్ళే గాడిదను బయట కట్టేశారు. నాకు ఇది చాలా పెద్ద విషయం.

ముందు వాణ్ణి ఒకటే అడిగాను, బండి ఎప్పుడు కాగుతుంది, ఎప్పుడు కాగదు అని. ఐ-17 మీద అరవై మైళ్ళ వేగంతో పోతుంటే ఏమీ లేదు. లో గేరులో రాళ్ళ మీద నడక వేగంతో పోతే కాగుతోంది. రేడియేటర్ పూడుకుపోతే హైవే మీద వేగంగా ఎత్తెక్కేటప్పుడే ముందు బయటపడేది. వేగంగా పోయే బండికి గాలి దానంతటదే తగులుతుంది, నిలిచిన బండికి ఫ్యానే గతి. కాబట్టి ఫ్యానునే అనుమానించాలి. ఈ ఇంజన్‌కు ఫ్యాను బెల్టుతో తిరిగేది, మధ్యలో సిలికోన్ నూనె నింపిన క్లచ్ ఉంటుంది. వేడి తగిలితే దాని ముందున్న లోహపు చుట్ట కవాటం తెరుస్తుంది, నూనె లోపలికి చేరి ఫ్యానును పట్టుకుంటుంది. బాగా కాగిన ఇంజన్ ఆపి ఫ్యానును చేత్తో తిప్పితే బరువుగా ఆగింది. క్లచ్ నిక్షేపంగా ఉంది.

ఇంజన్ మళ్ళీ వేసి ముందు గ్రిల్లుకు ఒక కాగితం ఆనించాను. మధ్యలో, కిందా అతుక్కుంది. పైన జారిపోయింది. అప్పుడు కిందికి వంగి చూస్తే సంగతి తెలిసింది. రేడియేటర్ బాడీకి బిగించి ఉంటుంది, ఇంజన్, దానితో ఫ్యాను, ఛాసీ మీద ఉంటాయి. బాడీ లేచినప్పుడు రేడియేటర్ లేచింది, ఫ్యాను అక్కడే ఉండిపోయింది. ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ గూడు, ష్రౌడ్ అంటారు, రెక్కలకు తగులుతుందని లిఫ్ట్ చేసినవాళ్ళు దాని అడుగుభాగం కోసేశారు. గూడు తెరుచుకున్న చోటునుంచి ఫ్యాను ఇంజన్ దగ్గరి వేడిగాలినే తిరిగి లాక్కుంటోంది.

ఇంజన్ ఆపి, కోసిన చోట రెక్కలకు ఎడంగా అట్టముక్క టేపుతో అతికించాం. నిలబెట్టిన చోటే ఏసీ వేసి ఉంచితే ముల్లు కదల్లేదు. అట్ట తీసేశాం, ముల్లు పాకింది. ఉంటే ఉండడం, లేకపోతే లేకపోవడం: తాతగారి అన్వయ వ్యతిరేకాలు ఇవే. ఆ వారంలోనే రేడియేటర్‌ను మూడంగుళాలు కిందికి దించే బ్రాకెట్లు, కోతపడని కొత్త ష్రౌడ్ వేయించాడు. రెక్కలు సగం గూట్లో, సగం బయట ఉండేట్టు సరిచూశాం. రేడియేటర్‌కు వచ్చే గేర్‌బాక్సు నూనె గొట్టాలు లాగినట్టు లేవని కూడా చూశాం. చాలామంది అక్కడ చూడరు.

వాడు ఊరుకోలేదు. "లేపించింది నేనే కదా అన్నయ్యా, మరి నేను కారణం కాదా?" అన్నాడు. కుమ్మరి తండ్రి సంగతి చెప్పాను. తండ్రి లేనిదే కుమ్మరి లేడు, అయినా కుండకు తండ్రిని కారణంగా లెక్కించరు. ఎత్తు బండి కావాలన్న నీ కోరికా అలాంటిదే, అదే కోరికతో బ్రాకెట్లు వేయించుకున్నవాడి బండి కాగడం లేదు కదా అన్నాను.

పిన్ని ఒప్పుకోలేదు. "కోరిక లేకపోతే ఆ కోత ఎక్కణ్ణించి వచ్చిందిరా?" అంది. ఆలోచించాక నాకు తోచింది, ఆమె అడిగేది ఇంజన్ గురించి కాదు. కొడుకు డబ్బూ నిద్రా ఎందుకు పోగొట్టుకున్నాడన్నది ఆమె ప్రశ్న. ఇంజన్ వేడి లెక్కలోంచి కుమ్మరి తండ్రిని తప్పించవచ్చు. మనిషి దుఃఖం లెక్కలోంచి కోరికను అలా తప్పించే దారి న్యాయశాస్త్రంలో నాకు దొరకలేదు. గౌతముడి న్యాయసూత్రాల్లో కూడా దుఃఖం వెనక జన్మ, జన్మ వెనక ప్రవృత్తి, ప్రవృత్తి వెనక రాగద్వేషాలు వరసగా నిలబడే ఉన్నాయి. అక్కడ పిన్ని మాటే నిలుస్తుంది.