మిగిలిన కాలము ఎవరిది?

సత్యము పలుకవలెనని బోధింపని ధర్మము లేదు. ప్రియముగా పలుకవలెనని చెప్పని పెద్దలును లేరు. సత్యము, ప్రియము ఒక్క మాటలో ఇమిడినప్పుడు చిక్కు లేదు. సత్యము అప్రియమై, దానిని వినవలసినవారు ప్రాణసమానులైనప్పుడే మనుష్యుని ధర్మబుద్ధికి పరీక్ష కలుగుచున్నది.

అట్టి పరీక్షను తెచ్చు వ్యాధులలో పిత్తాశయ క్యాన్సరు ఒకటి. ఆపరేషను జరిగినది; గడ్డను తీసివేసిరి; ఇంటిల్లిపాది ఊరట చెందిరి. కొన్ని నెలలు గడచునంతలో వ్యాధి మరల తల యెత్తినది. వైద్యుడు ఆ మాటను రోగికి గాక ఆమె కుమారునికి చెప్పును. "అమ్మకు మాత్రము తెలియనీయకండి డాక్టరుగారూ" అని కుమారుడు చేతులు జోడించును. ఆ ప్రార్థనలో ప్రేమ కలదు. అందు ధర్మము కలదా యనునదియే ఇచట విచారింపదగిన ప్రశ్న.

విచారణకు ముందు ఆ వ్యాధి నడక తెలియవలెను. పిత్తాశయము కాలేయమునకు అడుగున అంటియుండు చిన్న సంచి. కాలేయమున పుట్టిన పైత్యరసమును నిలువచేసి, భోజన సమయమున ప్రేగులోనికి వదలుట దాని పని. ఆ సంచి గోడ మిక్కిలి పలుచనిది. ప్రేగు గోడలో లోపొరకును కండరపొరకును నడుమనుండు పొర దీనికి లేదు. కాలేయమును తాకు వైపున వెలుపలి పొర కూడ లేదు. అందుచేత లోపల పుట్టిన క్యాన్సరు కండరమును దాటెనేని కాలేయము దాని పొరుగిల్లే యగును. ఇది ఒక దారి. పైత్యనాళము వెంటనున్న శోషరస గ్రంథులు రెండవ దారి. ఉదరమును లోపలనుండి కప్పియుండు పొర మూడవది. రక్తము వెంట దూరపు అవయవములకు పోవుట నాలుగవది. ఇన్ని దారులు ఇంత దగ్గరగా నుండుటచేతనే, నొప్పి తెలిసి వైద్యుని చేరునాటికి వ్యాధి తరచుగా సంచిని దాటియే యుండును.

ఈ వ్యాధి స్త్రీలలో అధికము. గంగానదీ మైదానమునందలి రాష్ట్రములలోను, దూరదేశమైన చిలీలోను ఎక్కువగా కానవచ్చుచున్నది. తెలుగునాట అంతగా లేకున్నను బొత్తిగా లేకపోలేదు. రోగులలో అధికసంఖ్యాకులకు పిత్తాశయమున రాళ్లుండును. కాని రాళ్లున్నవారిలో బహుకొద్దిమందికే క్యాన్సరు వచ్చును. కావున రాళ్లున్నవని తెలిసినంతమాత్రమున భయపడ నక్కరలేదు.

కొందరిలో ఇది రాళ్ల కొరకు చేసిన ఆపరేషను తరువాత మాత్రమే బయటపడును. తీసిన సంచిని పరీక్షకు పంపగా, సూక్ష్మదర్శినిలో క్యాన్సరు కణములు కనబడును. సత్యాన్వేషణ అచటనే మొదలు కావలెను. తీసిన పిత్తాశయమును పరీక్షకు పంపించుట, ఆ బయాప్సీ రిపోర్టును అడిగి తెచ్చుకొనుట గృహస్థులు మరువరాని పని. క్యాన్సరు లోపొరలోనే ఆగియున్నచో ఆ మొదటి ఆపరేషనే చాలును. అట్టివారిలో అత్యధికులు స్వస్థులగుదురు. కండరపొరను చేరినచో, దేహస్థితి అనుకూలించినంతవరకు, రెండవ ఆపరేషను చేసి కాలేయమున కొంత భాగమును, సమీప గ్రంథులను తీయుదురు.

అయినను వ్యాధి తిరిగివచ్చుట ఏల? శస్త్రవైద్యుడు తీయగలిగినది కంటికి కనబడునది, చేతికి తగులునది. అంతకుముందే దూరము పోయిన కణములు ఏ స్కానునకును అందక నిలిచియుండవచ్చును. సంచి చిరిగి పైత్యరసము ఒలికినచో అందలి కణములు ఉదరమున పడి మొలకెత్తవచ్చును. లాపరోస్కోపు దూర్చిన రంధ్రముల మచ్చలలో సైతము గడ్డలు కానవచ్చిన సందర్భములు కలవు. న్యూయార్కు నగరమందలి మెమోరియల్ స్లోన్ కెటరింగ్ వైద్యులు 2003లో ప్రకటించిన పరిశీలనలో, వ్యాధి తిరిగివచ్చిన పిత్తాశయ క్యాన్సరు రోగులలో 85 శాతము మందికి అది ఆపరేషను చేసిన చోటునకు దూరముగ కనబడెను. సగముమందికి అది ఏడాది తిరుగకముందే బయటపడెను. అనగా అనేకులలో కత్తి చేరకముందే వ్యాధి ప్రయాణమై పోయినదన్నమాట.

ఈ సంగతి తెలిసినచో రెండు అపవాదములు తొలగును. కత్తి తగిలినందుననే క్యాన్సరు వ్యాపించినదనుట మొదటిది. ఒలికిన పైత్యరసము వలన కీడు కలుగుట నిజమే; కాని ఈ వ్యాధిని సమూలముగా పోగొట్టగల సాధనము నేటికిని శస్త్రచికిత్సయే. దానిని చూచి పారిపోవుట అవివేకము. రోగి పాపమో, ఇంటివారి అశ్రద్ధయో వ్యాధిని మరల రప్పించినదనుట రెండవది. పలుచని గోడను దాటిన కణమునకు పాపపుణ్యములు తెలియవు. బాధలోనున్నవారిపై నిందను మోపుట ధర్మము కానేకాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. దాచవలెననువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. నిజము తెలిసిన రోగి ఆశ విడుచునని, అన్నము మానునని, ఉన్న నాలుగు దినములును కన్నీటితో గడచునని వారి భయము. కుటుంబము ఒక్క దేహమువంటిది గనుక బరువును బలవంతుడు మోయుట న్యాయమని వారి యుక్తి.

కాని దాచిన నిజము దాగునా? కన్నులు పచ్చబడును, ఒడలు దురద పుట్టును, బట్టలు వదులగును. మరల స్కాను ఎందుకని ఆమె అడుగును. గదిలోనికి వచ్చినవారు మాట మార్చుదురు. రోగి గ్రహించును, గ్రహించినట్లు కనబడినచో పిల్లలు బాధపడుదురని తానును నటించును. ఒకరి కొరకొకరు మౌనము వహించిన ఆ ఇంట, అందరి నడుమనుండియు ఆమె ఒంటరి యగును. బరువు మోయుదుమన్నవారు ఆమె బరువును తగ్గింపలేదు. దానిని చెప్పుకొనుటకు తోడు లేకుండ చేసిరి.

అంతకన్న పెద్ద కారణము మరియొకటి కలదు. తిరిగివచ్చిన వ్యాధికి చికిత్సయనునది మందుల విషయము మాత్రమే కాదు. అది కాలముతో బేరము. 2010లో బ్రిటనునుండి వెలువడిన ఒక పరిశీలనలో, ఆపరేషనుకు అందని పైత్యనాళ, పిత్తాశయ క్యాన్సరుల రోగులు 410 మంది పాల్గొనిరి. జెమ్‌సిటబైన్ ఒక్కటే పొందినవారిలో సగముమంది 8.1 నెలలు దాటి జీవించిరి. సిస్‌ప్లాటిన్ కూడ పొందినవారికి ఆ కాలము 11.7 నెలలు. 2022 తరువాత దేహరక్షణశక్తిని మేల్కొలుపు మందులును వీనికి తోడైనవి. కొన్ని నెలల మేలు కలదు. దానికి వెలగా ఆసుపత్రి ప్రయాణములు, వాంతులు, నీరసము, ధనవ్యయము కలవు. ఆ నెలలను ఆ వెలకు కొనవలెనా యని నిర్ణయించువారెవరు? వాంతి చేసుకొనునది ఆమె. సూది గుచ్చబడునది ఆమె చేయి. గడచిపోవునది ఆమె కాలము. ఒకామె మనుమరాలి పెండ్లి చూచుటకై అన్నిటిని సహింపగోరును. ఇంకొకామె ఆసుపత్రి వలదు, ఇంటి వసారాలో కూర్చుండెదననును. రెండును సరియైన కోరికలే. నిజము తెలియనివారికి ఈ రెండింటిలో ఒకదానిని కోరుకొను అవకాశమే లేదు. దాచినవారు కాపాడినది ఆమె మనశ్శాంతిని కాదు. తెలియకయే ఆమె కాలమును తాము ఖర్చుచేసిరి.

అట్లని నిజమును రాయివలె విసరరాదు. "మీకేమి తెలిసికొనవలెననియున్నదమ్మా?" యని మొదట అడుగవలెను. "నాకేమియు చెప్పవద్దు, పెద్దబ్బాయితో చెప్పండి" అని ఆమెయే యన్నచో, అదియు ఆమె నిర్ణయమే; దానిని మన్నింపవలెను. అడిగినంత చెప్పవలెను, మరల అడిగినప్పుడు మరికొంత చెప్పవలెను. దినములు లెక్కించి చెప్పరాదు; పైని సంఖ్యలు వందలమందివి గాని ఏ ఒక్కరి జాతకమును కావు. ఆపరేషనైన మరునాడు "అంతయు పోయినది" అనుటకన్న, "కనబడినదంతయు తీసితిమి, ఇకముందు కనిపెట్టి చూచెదము" అనుట మేలు. ఆ మాటలో అబద్ధము లేదు, ఆశయు పోలేదు.

మరణమును లింగైక్యమని పిలుచుకొను సమాజమునకు ఈ విషయమున ఒక బలము కలదు. వెళ్లుటను కలయికగా భావించువారు ఆ మాట రాగానే గొంతు తగ్గింప నక్కరలేదు. భయముతో మూసిన తలుపుల వెనుక చెప్పుకొనునది నింద కావచ్చును, అనుమానము కావచ్చును. లింగైక్యమునకు సిద్ధపడుట మాత్రము తెరచిన మనస్సుతోనే సాధ్యమగును.

"ఇక చేయుటకేమియు లేదు" అనుటయు అబద్ధమే. పైత్యనాళము మూసికొనినచో చిన్న గొట్టమునుంచి కామెర్లను తగ్గింపవచ్చును. నొప్పికి మార్ఫిను కలదు. వైద్యుని పర్యవేక్షణలో దానిని వాడుటకు వెనుదీయ నక్కరలేదు. ఒడలు తుడుచుట, పెదవులు తడుపుట, రాత్రివేళ ప్రక్కన మేలుకొనియుండుట దాసోహమే. నిజము తెలిసిన ఇంట ఈ సేవ దాపరికము లేక జరుగును. అప్పుడు ఆమె తన నగలను ఎవరికి ఈయవలెనో చెప్పును. ఏనాడో అలిగిన ఆడబిడ్డను పిలిపించుకొనును. పిల్లలతో చెప్పవలసిన మాటలు చెప్పును. ఆ పనులను ఆమెకు బదులుగా మరియొకరు చేయలేరు.