ఆ నోటు ఎవరి కూలి?



మొన్న ఆదివారం దివ్యపూజ అయ్యాక మా విచారణ యువకుడొకడు తాను సేకరించిన పాత నోట్ల ఆల్బం తెచ్చాడు. మొదటి పుటలో హాలీ సిక్కా నోటు. గద్వాల, వనపర్తి సంస్థానాలున్న రోజుల్లో మన తాతలు ఎరిగిన నైజాం సొమ్ము అది. 7 హాలీ రూపాయలకు 6 కలదారు రూపాయలు వచ్చేవి. విలీనం తరువాత కొన్నేళ్ళు రెండూ చెల్లాయి, 1959లో హాలీ ఆగిపోయింది. మార్చుకునే వ్యవధి జనానికి దొరికింది.

తరువాతి పుటలోని నోట్ల కథ వేరు. జింబాబ్వే వారి నోటు ఒకటి, 1 పక్కన 14 సున్నాలు! కోటి కోట్ల డాలర్లన్నమాట. 2009 జనవరిలో వచ్చిన ఆ నోటుకు 2015లో అక్కడి ప్రభుత్వం కట్టిన వెల 40 అమెరికా సెంట్లు. మావాడు దానికి ఎన్నో రెట్లు పెట్టి కొన్నాడట. ఇద్దరం నవ్వుకున్నాం.

దాని కిందిది బర్మా నోటు. 1942లో బర్మాను ఆక్రమించిన జపాను వారు అచ్చువేసిన పది రూపాయలు. వరుస సంఖ్య లేదు, 'బి'తో మొదలయ్యే అక్షరాలు మాత్రం ఉన్నాయి. నోట్లు పెరిగాయి, సరుకులు తరిగాయి, ధరలు ఆకాశానికంటాయి. 1945లో బ్రిటిషువారు తిరిగివచ్చి అవి చెల్లవన్నారు. రంగూను రేవులో మూటలు మోసినవారిలో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవారిలో మన తెలుగువారు ఎందరో. 1942లో లక్షలాది భారతీయులు అడవుల వెంట నడిచి స్వదేశం చేరారు, దారిలోనే ఎందరో రాలిపోయారు. వెళ్ళలేక అక్కడే ఉండిపోయిన వారి చేతికొచ్చింది ఈ కాగితమే.

"బాబూ, ఇది ఎవరి కూలి?" అన్నాను. వాడు నవ్వు ఆపేశాడు. వాణ్ణి తప్పుపట్టడానికి అడగలేదు. నోట్లు సేకరించడం పాపమేమీ కాదు; గురువిద్యాలయంలో నేనూ తపాలా బిళ్ళలు పోగుచేశాను.

ధనం ఒక కొలత అని మాకు తత్వశాస్త్రంలో బోధించారు. కుంచం కుదించి ధాన్యం కొలిచేవాణ్ణి దొంగ అంటాం. నోటు విలువ కరిగినప్పుడూ జరిగేది అదే. అచ్చువేసినవాడు పాత ధరకే సరుకు కొనుక్కుంటాడు. కూలివానికి అది చేరేసరికి అందులో సారం ఉండదు. సూర్యుడు అస్తమించకముందే కూలి చెల్లించాలని ద్వితీయోపదేశకాండం (24వ అధ్యాయం) ఎందుకు ఆజ్ఞాపించిందో ఇప్పుడు తోస్తోంది. ప్రభువు చెప్పిన ద్రాక్షతోట యజమాని (మత్తయి 20) చివరి గంటలో వచ్చినవారినీ రేపు రమ్మనలేదు. ఆ సాయంత్రమే దీనారం చేతిలో పెట్టాడు.

మన పాలమూరు బిడ్డలకు ఇది కొత్త కథ కాదు. అడ్వాన్సు తీసుకొని దూరదేశాల కాలువ పనులకు వెళ్ళినవారు ఒప్పుకున్న నాటి రేటుకే నెలల తరబడి మట్టి మోశారు. ఈలోగా బియ్యం ధర వారికోసం ఆగిందా? మన ఇళ్ళలోనూ, "పంట అమ్మాక ఇస్తాంలే" అని కలుపు కూలీలను పంపేసేవారు లేరా?

నేనూ అంతే. కొన్నేళ్ళ క్రితం దేవాలయ ప్రహరీ కట్టిన మేస్త్రీకి, విరాళాలు అందలేదని, ఎనిమిది నెలలు తిప్పి డబ్బిచ్చాను. లెక్క పైసాతో సరిపోయింది. అతడు రెండుసార్లు లెక్కపెట్టుకొని, "సిమెంటు అప్పుకే సరిపాయె ఫాదర్" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆ మాట నాకు ఎక్కలేదు.

అతనిది నాగర్‌కర్నూలు దగ్గర పల్లె. ఈ బుధవారం వెళుతున్నాను.