కరువును మరవని మేత

వాన మీద ఆశతో వేసే పంట ఒకటి, కరువు తప్పదని తెలిసి వేసే పంట మరొకటి. అనంతపురం మెట్టలో సేద్యం చేసే ఇంటికి రెండూ కావాలి. మా ఇంట్లో మూడు తరాల సేద్యం ఈ రెంటి మధ్యే నడిచింది.

ఇక్కడ ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య వానలు సముద్రం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసించిపోతాయి. అందుకే జేజినాయన కాలంలో జొన్న, కొర్ర, సజ్జ, కంది, అనుములు అన్నీ వేసేవారు. గింజ మనుషులకు, చొప్ప గొడ్లకు. గింజ పట్టని ఏడాది కూడా చొప్ప ఎంతో కొంత చేతికొచ్చేది. చొప్ప ఉంటే ఎద్దులు నిలిచేవి. ఎద్దులు నిలిస్తే మరుసటేడు మళ్లీ గొర్రు కట్టొచ్చు.

నాయన కాలానికి వేరుశనగ చేనంతా పరచుకుంది. ఒక దశలో జిల్లాలో అది ఏడు లక్షల హెక్టార్లు దాటింది. దాన్ని నేను తప్పుపట్టను. మా చదువులు, అక్క పెళ్లి ఆ బుడ్డల డబ్బుతోనే జరిగాయి. కాయ కొట్టుకున్నాక మిగిలే కట్టె గొడ్లకు మంచి బలం కూడా. ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వాళ్ల ఐసీజీవీ 91114 వేరుశనగ రకాన్ని ఇక్కడి చేలల్లో పరీక్షించినప్పుడు, దాని కట్టె మేసిన పశువులు పాలు ఎక్కువ ఇచ్చాయని తేలింది.

కానీ ఒక్క పంటనే నమ్ముకుంటే కాయా, కట్టే రెండూ ఒకే వాన చేతిలో ఉంటాయి. ఊడలు దిగే వేళ చినుకు లేకపోతే కాయ పోతుంది. పీకి ఆరేసిన చెట్టు మీద వాన పడితే కట్టె నల్లబడి బూజు పడుతుంది. అలాంటి ఏడాది వరిగడ్డి లారీల్లో పై ఊళ్ల నుంచి రావాలి, లేదంటే గొడ్లను సంతకు తోలాలి. సంతకు తోలిన ఎద్దులతో పాటు వచ్చే ఏటి సేద్యం కూడా పోతుంది.

ఇప్పుడు తమ్ముడు కొంత చేను మళ్లీ మేత జొన్నకు వదిలాడు. మొదటి ఏడే పైరు మోకాలెత్తుకు రాగానే వాన ముఖం చాటేసింది. వాడిపోతున్న పైరును ఆవులతోనైనా మేపుదామని వాడు తోలుకుపోతుంటే అవ్వ అడ్డం పడింది. “వద్దురా, నాము తగుల్తాది. వాన పడి కంకి తీయనీ.” నీళ్లు లేక గిడసబారిన లేత జొన్నలో విషం పుడుతుంది. కడుపారా మేసిన ఆవు కాసేపటికే పడిపోవచ్చు. నాయన తరం జొన్న వేయలేదు కాబట్టి ఆ సంగతి మాకెవరికీ తెలియదు. ఇంకొన్నేళ్లు ఆలస్యమైతే చెప్పడానికి అవ్వ ఉండేది కాదు. చేను ఎన్నేళ్లయినా కాచుకుంటుంది, దాన్ని ఎరిగిన మనిషి కాచుకోలేదు.

పాత పంటల వైపు మళ్లింది మా ఇల్లొక్కటే కాదు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ చుట్టుపక్కల ఊళ్లలో చిరుధాన్యాలను మళ్లీ చేలల్లోకి తెచ్చింది. దాని అండతో 2008లో రైతుల సంఘంగా ‘ధరణి’ ఏర్పడింది. కొర్ర బియ్యానికి పట్నంలో గిరాకీ పెరగడం గురించే అందరూ మాట్లాడతారు. నాకు మాత్రం ఆ పంటతో ఇంటికొచ్చే కొర్ర గడ్డి కూడా అంతే ముఖ్యం.

మేత దాచడమంటే ఈ ఏటి వానలో కొంత వచ్చే ఏటి కరువుకు పక్కన పెట్టడం. చేతిలో నాలుగు డబ్బులు ఆడే ఏడాది ఆ పని చేయడం కష్టం, అప్పుడు కరువు ఎవరికీ గుర్తుండదు. గుర్తుంచుకోవడాన్ని కొందరు పిరికితనం అనుకుంటారు. నేను దాన్ని బాధ్యత అంటాను. మనిషి బెంగళూరుకు వలసపోయి బతుకుతాడు, గాటికి కట్టేసిన ఆవు ఎక్కడికి పోతుంది? మా పిల్లలు ఏ పంట వేస్తారో వాళ్లిష్టం. విత్తనం కొనే ముందు “ఇందులో గొడ్లకేముంది?” అని ఒక్కసారి అడిగితే, జేజినాయన సేద్యం వాళ్లకు అందినట్టే.