పట్టమునకుఁ బిమ్మట

గణితభౌతికశాస్త్రమున ఎం.ఎస్సీ. చదువఁగోరు కుమారునిగూర్చి, "దీనివలన నుద్యోగమేమి వచ్చును?" అని యొక తండ్రి మమ్మడిగెను. ఆ ప్రశ్న నీచమైనది కాదు. ఇల్లు గడువవలెఁ గదా! కాని పట్టమే చదువునకు హద్దనుట మేమంగీకరింపము.

1915లో కలకత్తాయందు మిశ్రగణితమున, అనఁగా భౌతికవిషయముల కన్వయించు గణితమున, సత్యేంద్రనాథ బోసు ఎం.ఎస్సీ. పరీక్షలో ప్రథముఁడు, మేఘనాద సాహా ద్వితీయుఁడు. అయినను నాఁటి నూతన భౌతికశాస్త్రము చాలవఱకు జర్మను భాషలో నుండెను. బోసు ఆ భాష నేర్చెను. సాహాతోఁగూడి సాపేక్షతావ్యాసముల నింగ్లీషులోని కనువదింపఁగా 1920లో నవి వెలువడెను. 1924లో ఢాకానుండి బోసు పంపిన వ్యాసమును ఐన్‌స్టైనే జర్మనులోనికి మార్చి ప్రకటింపించెను. పరిశోధనచేసి పొందు డాక్టరు పట్టము బోసునకు లేనేలేదు.

ఇది విని, "మావాఁడు బోసు కాఁడుగదా!" యనెను తండ్రి. నిజమే. పట్టము వచ్చిన పిమ్మట నేమి నేర్వఁదలఁచితివని మేము కుమారునే యడిగితిమి. అతఁ డింకను బదులు చెప్పలేదు.