వైరాగ్యము – పలాయనము

లోకమును విడిచినవాడెల్ల విరాగి యగునా? విడిచినది గొప్పదైనంత మాత్రమున ఆ విడుచుట గొప్పదగునా? ధర్మజిజ్ఞాసువులను ఏనాటినుండియో వేధించుచున్న ప్రశ్న ఇది.

పెద్దలు వైరాగ్యమును గూర్చి చెప్పునపుడు మూడింటిని చూపి హెచ్చరించుదురు. చితి మండుచుండగా కలుగునది శ్మశాన వైరాగ్యము. ప్రసవవేదనలో కలుగునది ప్రసూతి వైరాగ్యము. పురాణము వినుచుండగా కలుగునది పురాణ వైరాగ్యము. ఈ మూడును ఆ వేళకు సత్యములే. అసత్యములని ఎవరును అనజాలరు. కాని స్నానము చేసి ఇల్లు చేరునప్పటికి మొదటిది, బిడ్డ మోము చూచునప్పటికి రెండవది, ప్రసాదము చేతబడునప్పటికి మూడవది తొలగిపోవును. నిలువనిది వైరాగ్యము కాదని పెద్దల తాత్పర్యము.

ఈ ప్రశ్నయే 1960ల దశకమున ఎవరును ఊహింపని దిక్కునుండి వచ్చి భారతదేశపు ముంగిట నిలిచెను. అమెరికా, ఐరోపా దేశములలో కలిగిన యిండ్ల బిడ్డలు అనేకులు చదువును, ఉద్యోగమును, కన్నవారిని విడిచి బయలుదేరిరి. వియత్నాము యుద్ధము వారికి రోత పుట్టించెను. ఎంత కూడబెట్టినను తీరని ఆశ తమ తలిదండ్రులకు శాంతి నీయకుండుట వారు కన్నులార చూచిరి. 1967 జనవరి 14న శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు ఉద్యానవనమున వేలాది యువజనులు గుమిగూడిరి. పిమ్మట అనేకులు ఇస్తాంబులు, టెహరాను, కాబూలు నగరముల మీదుగా నేలదారిని ఢిల్లీకి, కాఠ్‌మాండుకు, గోవాకు చేరిరి. 1979లో ఇరానున విప్లవము, ఆఫ్ఘనిస్తానమున సోవియట్ సేనల ప్రవేశము సంభవించి ఆ దారి మూసికొనిపోవువరకు ఈ ప్రవాహము సాగెను. లోకము వారిని హిప్పీలని పిలిచెను.

ఆ దారి కోనసీమ మీదుగా పోలేదు. కాని ఆ మాట మాత్రము వచ్చెను. అమలాపురమున గాని, రాజోలున గాని, కొత్తపేటలో గాని జుట్టు మెడమీదికి పెంచిన కుఱ్ఱవాడు కనబడినచో “ఏమిరా ఆ హిప్పీ జుట్టు?” అని ఇంటి పెద్దలు మందలించుట 1970లలో పరిపాటి. 1971లో వచ్చిన ‘హరే రామ హరే కృష్ణ’ హిందీ చిత్రము హిప్పీ అనగా గంజాయి పొగ అను భావమును మరింత స్థిరపరచెను. నాటి పెద్దలకు ఆ మాట ఒక తిట్టు; నాటి యువకులకు ఒక వేషము. దాని వెనుక నున్న ప్రశ్నను ఆలకించినవారు తక్కువ.

పెద్దల నిరసన నిరాధారము కాదు. శరీరమునకు కష్టమను భయముచే కర్తవ్యమును విడుచుట రాజస త్యాగమనియు, దానికి త్యాగఫలము లేదనియు గీత పదునెనిమిదవ అధ్యాయమున భగవానుడు స్పష్టము చేసెను. బాధ్యతను బరువని దించుకొని, ఆ చేతులతోనే మత్తుపదార్థమును అందుకొన్నవాడు ఒక బంధమును విడిచి వేరొక బంధమున చిక్కినవాడే. మదనపల్లెలో జన్మించిన తెలుగుబిడ్డ జిడ్డు కృష్ణమూర్తి కాలిఫోర్నియాలో ఆ యువజనులతోనే మాటలాడుచు, మాదకద్రవ్యముల వలన సత్యము లభింపదని నిష్కర్షగా చెప్పెను.

ముక్తేశ్వరమున గౌతమీతీరమున వెలసిన స్వామిని భక్తులు క్షణముక్తేశ్వరుడని కొలుతురు. క్షణములో ముక్తి అను మాట ఎవరికి తీపి కాదు? ఆ యువజనులు కోరినదియు అదియే. ఒక మాత్రతో అది లభించునని వారు భ్రమించిరి. హార్వర్డు విశ్వవిద్యాలయపు మనస్తత్త్వశాస్త్రాచార్యుడు రిచర్డ్ ఆల్పర్ట్ అట్టి ప్రయోగముల కారణముగా 1963లో ఉద్యోగము కోల్పోయెను. 1967లో ఆయన హిమాలయప్రాంతమున నీమ్ కరోలీ బాబాను దర్శించి, తన యొద్దనున్న ఎల్.ఎస్.డి. మాత్రలను సమర్పించెను. బాబా వానిని మ్రింగియు ఏ వికారమును పొందలేదని ఆల్పర్టే పిదప వ్రాసికొనెను. మందు కొంతసేపు మాత్రమే నిలిచి జారిపోవుననియు, ప్రేమ జారిపోదనియు ఆయన గ్రహించెను. నాటినుండి రామదాసు అను నామమున ప్రసిద్ధుడయ్యెను. క్షణములో కలుగు ముక్తికైనను ఆ క్షణమునకు తగిన పరిపాకము కావలెను గదా!

పరిపాకమునకు నియమము మూలము. 1965లో భక్తివేదాంతస్వామి డెబ్బదియవ యేట ‘జలదూత’ అను సరకుల నౌకపై అమెరికా చేరి, మరుసటి సంవత్సరము న్యూయార్కున కృష్ణభక్తి సంఘమును స్థాపించెను. ఆయనను మొదట ఆశ్రయించినవారిలో హిప్పీలే మెండు. ఆయన వారిని తరిమివేయలేదు. వారి అలవాట్లను మెచ్చుకొననులేదు. మాంసము, మత్తు, జూదము, అక్రమసంబంధము – ఈ నాలుగింటిని మానవలెనని విధించెను. ఇంటి నియమములను సహింపక పారిపోయి వచ్చినవారిలో అనేకులు వానికంటె కఠినమైన ఈ నియమములను కోరి తలదాల్చిరి. అట్టివారు వెదకినది స్వేచ్ఛాచారము కాదని, విలువైన దేనికైనను లోబడవలెనను ఆర్తి యని ఇందువలన తెలియుచున్నది.

ఈ భక్తిమార్గమునకును గోదావరికిని ప్రాచీనసంబంధము కలదు. పదునారవ శతాబ్ది ఆరంభమున చైతన్యమహాప్రభువు దక్షిణయాత్రలో రామానందరాయలను కలిసికొన్నది గోదావరీతీరముననే. ఆ స్థలము కొవ్వూరని సంప్రదాయము. రామానందుడు గజపతుల పక్షమున ఈ సీమను ఏలుచున్న అధికారి, గృహస్థు. ప్రభువు సన్న్యాసి. మానవుడు సాధింపదగినదేది యని సన్న్యాసియే గృహస్థుని అడిగెను. స్వధర్మాచరణమని రామానందుడు ఆరంభించెను. అది బాహ్యము, ఇంకను ముందుకు చెప్పుమనెను ప్రభువు. అట్లు మెట్టు మెట్టుగా ఆ సంవాదము ప్రేమభక్తి వరకు సాగెను.

స్వధర్మము బాహ్యమని హిప్పీలును అనిరి, ప్రభువును అనెను. భేదమెచ్చట? ప్రభువు ఆ మెట్టును దాటి ముందుకు పొమ్మనెను. ఆ మెట్టును విరుగగొట్టుమనలేదు. విడిచినవాడు అంతకంటె పెద్దదానిని మోయుటకు పోయెనా, లేక ఏమియు మోయకుండుటకు పోయెనా అనునదే త్యాగమునకును పలాయనమునకును గీటురాయి.

ఆ గీటురాయిపై నిలిచినవారు హిప్పీలలో లేకపోలేదు. 1970 నవంబరున తూర్పు పాకిస్తానును ముంచిన తుపాను బాధితులకు తోడ్పడవలెనని కొందరు ఐరోపానుండి బస్సులో బయలుదేరిరి. వారు గమ్యము చేరలేదు. కాని అందులోని వైద్యుడు లారీ బ్రిలియంట్ నీమ్ కరోలీ బాబా ఆదేశముచే మశూచి నిర్మూలన కార్యమున చేరెను. పల్లెలలో ‘అమ్మవారు’ అని భయపడుచు మ్రొక్కుచు వచ్చిన ఆ వ్యాధి, ఇంటింట తిరిగిన వేలాది కార్యకర్తల శ్రమచే 1975లో ఈ దేశమున అంతరించెను. 1978లో ఆయనయు, రామదాసును, మరికొందరును కలిసి సేవా ఫౌండేషన్‌ను స్థాపించి, అంధత్వనివారణకు పూనుకొనిరి. 1996 నవంబరు 6 నాటి రాత్రి తుపానులో కొబ్బరితోటలు కూలగా చూచిన కోనసీమవారికి, ఎవరో పరాయివారు సాయమునకు బయలుదేరుట ఎంతటి పుణ్యమో వేరుగ చెప్పనక్కరలేదు. అన్నింటికంటె గమనింపదగినది మరొకటి కలదు. ఒకనాడు కన్నవారి జీవనమార్గమును కాదని పోయిన రామదాసు, 1980లలో వృద్ధుడైన తండ్రి చెంతకు తిరిగివచ్చి స్వహస్తములతో ఉపచారము చేసెను.

ఇచట కోనసీమ గృహస్థు తన్ను తాను ప్రశ్నించుకొనవలసియున్నది. 1974లో శాంతిని వెదకుచు ఇటు వచ్చిన యువకులలో స్టీవ్ జాబ్స్ ఒకడు. బాబా మునుపటి సంవత్సరమే దేహము చాలించుటచే ఆయనకు దర్శనము కాలేదు. తిరిగిపోయి 1976లో మిత్రులతో కూడి ఆపిల్ సంస్థను స్థాపించెను. అట్టి సంస్థలున్న కాలిఫోర్నియాకే నేడు గోదావరిసీమ బిడ్డలు ఉద్యోగములకై పోవుచున్నారు. అగ్రహారముల మండువాలోగిళ్లలో వృద్ధులు ఇద్దరే కూర్చుండి దూరవాణి మ్రోతకై ఎదురుచూచుచున్నారు. సంపదను విడుచుటకై తల్లిని విడిచినవాడు పలాయితుడైనచో, సంపదకొరకు తల్లిని విడిచినవానిని ఏమనవలెను? పోయినవారందరు దోషులు కారు. కుటుంబభారము మోయుటకై పోయినవారెందరో కలరు. కాని జుట్టును చూచి నవ్విన నోరు, ఈ ప్రశ్న ముందు ఒక్క క్షణము మౌనము వహించుట న్యాయము.

అంబాజీపేట సంతలో కురిడీ కొబ్బరికాయను ఎరుగనివారు లేరు. ముదిరిన కాయను నెలల తరబడి అటకపై నుంచగా లోని నీరు ఇంకి, గుడ్డు చిప్పను తనంతట తాను విడుచును. ఊపినచో గలగలమనును. చిప్ప అచ్చటనే యున్నది, గుడ్డును అచ్చటనే యున్నది. అంటు మాత్రము లేదు. పచ్చికాయను పగులగొట్టి గుడ్డును పెకలించినచో చిప్పకు కొంత అంటుకొనియే వచ్చును. ఇల్లు విడిచి దేశములు తిరిగినవారికిని, ఇంటనే యుండి కర్తవ్యము నెరవేర్చువారికిని కావలసినది ఈ పరిపాకమే.

గోదావరి అంతర్వేదిలో సముద్రమున కలియుటకు ముందు తన దారిలోని ప్రతి చేనిని తడిపియే పోవుచున్నది. ఇచ్చుచు పోవుటయే విడుచుటలోని పరమార్థము. అట్టి వివేకమును శ్రీలక్ష్మీనృసింహస్వామి ఎల్లరకు అనుగ్రహించుగాక!