గోడవతల గోడు

2004 నాటి మాట. న్యూజెర్సీలో అప్పట్లో మేమున్న అపార్ట్‌మెంటుకి గోడలన్నీ చెక్కా, అట్టా. పక్కింట్లో దగ్గినా మనకి వినిపించేది. ఆ చలికాలం పక్క వాటాలోంచి రాత్రి పది దాటాక కేకలు, గోడకేదో తగిలిన చప్పుడు, ఏడుపు. "రోజూ ఏమిటండీ ఈ గోల? పొద్దున్నే లేచి ఆఫీసుకి పోవద్దూ?" అంది మా ఆవిడ. నేను బాధ్యత గల అద్దెదారుణ్ణి కదా! మర్నాడే ఆఫీసు గదికెళ్ళి ఫారం నింపాను. "నాయిస్" అన్న గడిలో టిక్కు పెట్టాను. వారంలో గోల ఆగిపోయింది. ఈ దేశంలో పనులెంత పద్ధతిగా జరుగుతాయో చూశావా అని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను.

రెండు నెలల తర్వాత ఆ ఇల్లాలు బిడ్డని తీసుకుని వెళ్ళిపోతూ లాండ్రీ గదిలో మా ఆవిడతో అందట: "ఎవరో గోలని కంప్లైంటు ఇచ్చారు. ఆ కాగితం వచ్చినప్పటినించీ కొట్టేముందు నా నోరు మూసేవాడు." ఆ 'ఎవరో' ఎవరో మా ఆవిడ చెప్పలేకపోయింది.

అప్పట్నించీ గోలకున్న మాటలు నన్ను వదల్లేదు. ఇంగ్లీషులో "హ్యూ అండ్ క్రై" ఉంది. ఇవాళ దాన్ని నలుగురూ చేసే రాద్ధాంతమనే అర్థంలో వాడేస్తున్నాం. పాత ఇంగ్లండులో అది చట్టం. దోపిడీ జరిగితే కేక వెయ్యాలి. విన్నవాళ్ళు చేతిలో పని వదిలి దొంగ వెంటపడాలి. 1285 నాటి వించెస్టర్ శాసనం ప్రకారం దొంగలు దొరక్కపోతే ఆ ప్రాంతం జనమంతా నష్టానికి జవాబుదారీ. ఉత్తుత్తి కేక వేసినవాడికి జరిమానా. అంటే అరిచినవాడి మీదా, విన్నవాడి మీదా బరువుండేది.

"అప్‌రోర్"లో సింహగర్జన ఏదో ఉందనుకునేవాణ్ణి. లేదు. అది డచ్చి వాళ్ళ వైపునించి వచ్చిన మాట, అసలర్థం తిరుగుబాటు. ఇంగ్లీషు చెవికి అందులో గర్జన వినిపించింది. తిరుగుబాటు పోయి చప్పుడు మిగిలింది.

ఇంగ్లీషువాళ్ళని అని లాభం లేదు. మన 'రచ్చ' చూడండి. ఊరి పెద్దలు కూచుని తగవు తీర్చే చోటది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నది ఆ రచ్చే. ఇప్పుడు "రచ్చ చెయ్యకు" అంటే నోరు మూసుకోమని. న్యాయం అడిగే చోటు పేరే అల్లరికి పేరైంది!

ఎందుకిలా? అరిచేవాడు తన అరుపుకి గోల అని పేరు పెట్టుకోడు. వాడికది మొర, గోడు. గోల అన్నది వినేవాడు పెట్టే పేరు. అందులో వాడికో సౌకర్యం ఉంది. మొర అంటే లేచి వెళ్ళాలి. గోల అంటే ఆపిస్తే చాలు.

అన్ని చప్పుళ్ళూ మొరలు కావు, నిజమే. అర్ధరాత్రి పార్టీ చేసుకునేవాడిది గోలే. పరాయి దేశంలో, వీసా మీద బతికేవాడు ఇంకొకరి సంసారంలో ఎలా తలదూరుస్తాడు? ఈ సాకులన్నీ నాకు నేను చెప్పుకున్నవే. కానీ కంప్లైంటుకి అడ్డురాని వీసా పోలీసులకి ఫోను చెయ్యడానికి మాత్రం అడ్డొచ్చిందా?

మా న్యూజెర్సీకి పేరిచ్చిన పాత జెర్సీ దీవిలో ఒక ఆచారం ఇప్పటికీ చట్టంలో ఉంది. తన ఇంటికో, నేలకో అన్యాయం జరుగుతోందనుకున్నవాడు సాక్షుల ముందు మోకాళ్ళమీద కూచుని "హారో" అని మూడుసార్లు కేకవేస్తాడు. కోర్టు తేల్చేదాకా ఎదుటివాడు ఆ పని ఆపాలి. అక్కడ కేక వింటే తప్పుచేసేవాడు ఆగాలి. నా ఫారంతో ఆగింది కేక.

ఇప్పుడు గోల అనే ముందు నన్ను నేను ఒకటి అడుగుతున్నాను: ఈ పేరు పెడితే నాకు ఏ పని తప్పుతుంది? తప్పే పనేదో ఉందనిపిస్తే వెళ్ళి తలుపు తడుతున్నాను. ఇప్పటికి రెండుసార్లు తట్టాను. రెండుసార్లూ టీవీ చప్పుడే. సిగ్గుపడి, సారీ చెప్పి వచ్చేశాను. ఆ సిగ్గు మొయ్యడం తేలికే. లాండ్రీ గదిలో విన్న మాటే ఇంకా బరువుగా ఉంది.