లైసెన్సు మీది మచ్చ ఎన్నాళ్లు?

మిరప కోతల రోజుల్లో తుళ్లూరు చుట్టుపక్కల పల్లెల నుంచి తెల్లవారుతూనే ఆటోలు బయలుదేరుతాయి. ఒక్కో ఆటోలో పట్టినంతమంది కూలీ స్త్రీలు. వారి ప్రాణాలు ఆ డ్రైవరు చేతిలో ఉంటాయి. అతను ఒకప్పుడు తాగి బండి నడిపి శిక్షపడినవాడైతే, ఆ సంగతి ఎంతకాలం అతని వెంట రావాలి? తౌబా చేసినవాణ్ణి అల్లాహ్ క్షమిస్తాడని విశ్వసించే మనకు ఇది తేలిక ప్రశ్న కాదు.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉండి బండి నడిపితే నేరం. (మనకు హరామ్ 31వ మిల్లీగ్రాము దగ్గర మొదలు కాదన్నది వేరే మాట.) మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కనీసం ఆరు నెలలు బండి నడిపే అర్హత పోతుంది. ఆ వివరం లైసెన్సు మీదికి ఎక్కుతుంది. కొత్త లైసెన్సు తీసుకున్నా దాని మీదికీ వస్తుంది. అయితే 25వ సెక్షన్ ఒక దారి ఉంచింది. మూడేళ్లపాటు మళ్లీ అలాంటి రాత పడకపోతే మచ్చలేని లైసెన్సు అడిగి తీసుకోవచ్చు. అర్హత పోయిన కాలం మాత్రం ఆ మూడేళ్లలో కలవదు.

అదే చట్టానికి రెండో ముఖం ఉంది. రెండోసారి పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పూర్వం మూడేళ్ల లోపు మళ్లీ చేస్తేనే ఈ శిక్ష. 2019 సవరణ ఆ గడువును తీసేసింది. లైసెన్సు మరిచిపోతుంది, న్యాయస్థానం మరిచిపోదు!

ఈ చిక్కు మన ధర్మవేత్తలకు కొత్త కాదు. శీలవతులపై అపనింద వేసి శిక్షపొందినవాడి సాక్ష్యాన్ని ఎన్నటికీ స్వీకరించవద్దని 'అన్ నూర్' సూరా ఆదేశిస్తుంది. వెంటనే పశ్చాత్తాపపడినవారికి మినహాయింపు చెబుతుంది. ఆ మినహాయింపు సాక్ష్యానికీ వర్తిస్తుందని ఇమామ్ షాఫియీ అన్నారు. అది పాపి అన్న పేరునే తొలగిస్తుంది, సాక్ష్యాన్ని తిరిగి ఇవ్వదని ఇమామ్ అబూ హనీఫా అన్నారు. కాని తాగి శిక్షపడినవాడు తౌబా చేస్తే అతని సాక్ష్యం చెల్లుతుందని హనఫీలే ఒప్పుకున్నారు. అతని మార్పును ఎలా తెలుసుకోవాలి? కొందరు ఆరు నెలలు చూడాలన్నారు, కొందరు ఏడాది. మనసులోని తౌబా అల్లాహ్‌కే తెలుసు, మనుషులకు కనిపించేది నడవడి, గడిచిన కాలం మాత్రమే. చట్టంలోని మూడేళ్లను మేము ఇలాగే అర్థం చేసుకుంటాం.

న్యాయస్థానపు జ్ఞాపకంలోనూ మాకు అన్యాయం కనిపించదు. తిరిగి ఆ పని చేయనివాణ్ణి అది ఏమీ చేయదు. పైగా తాగి బండి నడపడం దాసుల హక్కుకు సంబంధించిన విషయం. ఒకరి కాలు విరిగితే, డ్రైవరు సజ్దాలో ఎంత ఏడ్చినా ఆ బాకీ తీరదు.

గడువు లేనిది మన నాలుకలకే. మద్యం తాగి పదేపదే శిక్షపడిన ఒక సహాబీని ఎవరో శపిస్తే దైవప్రవక్త (స) వారించారని, అతను అల్లాహ్‌ను, ప్రవక్తను ప్రేమిస్తాడని చెప్పారని సహీహ్ బుఖారీలో ఉంది. మన దగ్గర పదేళ్లుగా చుక్క ముట్టనివాడి కూతురి సంబంధానికి వచ్చినవారికి కూడా 'తాగుబోతోడి ఇల్లు' అని దారి చూపిస్తారు. ఆటో యజమాని డ్రైవరును లైసెన్సు చూపమనడం, నిన్న రాత్రి ఎలా ఉన్నావని అడగడం అతని బాధ్యత. పెళ్లివారికి ఆ పాత మాట చేరవేయడం ఎవరి బాధ్యత?